శుక్రవారం డిష్‌లు

డాక్టర్ శ్యామ్‌సుందర్ అంటే రాధారాణికి ఒళ్ళుమంట. ఆ మంట ఒక్కరోజుది కాదు, రెండేళ్ళది. అయితే ఎనభై నాలుగు ఏప్రిల్‌లో ఒక సోమవారం పొద్దున, డిపార్ట్‌మెంట్ సెక్రటరీ టేబుల్ మీద టైపు కాగితాల బొత్తి ఒకటి కనబడేదాకా ఆమె దాన్ని కడుపులోనే దాచుకుంది.

న్యూజెర్సీలోని ఆ మెడికల్ కాలేజీ ల్యాబులో రెండేళ్ళుగా ఆమె చేసిన పనంతా ఆ బొత్తిలో ఉంది. అంకెలు ఆమెవి, గ్రాఫులు ఆమెవి, సగం వాక్యాలు కూడా ఆమెవే. పైన పేర్లు మాత్రం రెండు. మొదటిది ప్రొఫెసర్ శ్యామ్‌సుందర్‌ది, రెండోది ఆయన బావమరిది జగన్మోహన్‌ది. ఫెలోషిప్ అని చెప్పుకుని జగన్మోహన్ ఆ ల్యాబులో అడుగుపెట్టి ఆర్నెల్లయింది. ఈ ఆర్నెల్లలో అతగాడు చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఇన్‌క్యుబేటర్ తలుపు సరిగ్గా వెయ్యకుండా లంచ్‌కి పోయి, మూడు వారాలు పెంచిన కణాలను ఒక్క మధ్యాహ్నంలో చంపిపెట్టడం. రాధారాణి తన పేరు కోసం కాగితాలన్నీ తిరగేసింది. చిట్టచివరి పేజీలో, కృతజ్ఞతల దగ్గర దొరికింది. ఆ ఇన్‌క్యుబేటర్ బాగుచేసిన మెకానిక్ పేరు తర్వాత ఉంది.

ఆ పని ఏమిటో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆమె కోపం ఉత్త కోపంలా కనబడుతుంది. మనిషికి వయసొచ్చినట్టే ఒంట్లోని కణానికీ వయసొస్తుంది. ఒక కణం రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి. అలా కొన్ని విడతలయ్యాక ఇక నా వల్ల కాదంటుంది. వెంటనే చావదు, వెడల్పుగా చతికిలబడి అలా ఉండిపోతుంది. రక్తనాళం లోపలి గోడకి ఇలాంటి కణాలు ఒకే ఒక్క వరసలో, నేలకి పలకలు పరిచినట్టు పరుచుకుని ఉంటాయి. నాళం రెండు పాయలుగా చీలే చోట నెత్తురు తాకిడి ఎక్కువ. అక్కడ పలకలు ఊడుతుంటాయి, పక్క కణాలు పెరిగి ఖాళీ పూడుస్తుంటాయి. ఏళ్ళ తరబడి పూడ్చి పూడ్చి, ఆ చోటి కణాలు మనిషి కంటే ముందే ముసలివైపోతాయి. పూడ్చే దిక్కు లేక సందుల్లోంచి కొవ్వు గోడలోకి దిగుతుంది, దాని మీద సున్నం పేరుకుంటుంది, నాళం గట్టిపడుతుంది. ఇదీ శ్యామ్‌సుందర్ ఊరూరా చెప్పే సిద్ధాంతం. నిజానికి ఆయన బుర్రలో పుట్టిందేం కాదు, అప్పటికే ఆ రంగంలో నలుగురూ అనుకుంటున్నదే. నేను రుజువు చేస్తానని జబ్బ చరిచింది మాత్రం ఆయన.

జబ్బ చరిచింది ఆయనైతే చెయ్యి ఆడించింది రాధారాణి. చనిపోయినవాళ్ళ ఒంట్లోంచి తీసిన పెద్ద రక్తనాళం స్టీలు గిన్నెలో మంచు మీద వచ్చేది. తిన్నగా ఉన్న చోట ఒక ముక్క, చీలే చోట ఒక ముక్క కోసి, లోపలి కణాలను మెల్లగా విడదీసి అరచేతంత ప్లాస్టిక్ డిష్‌లలో పెంచేది. డిష్ నిండగానే కణాలను పంచి కొత్త డిష్‌లలో పొయ్యాలి. దాన్ని స్ప్లిట్ చెయ్యడం అంటారు. స్ప్లిట్ చేసినప్పుడల్లా నోట్‌బుక్‌లో ఒకటి వెయ్యమన్నది ప్రొఫెసర్ గారు పెట్టిన రూలు. తిన్నని చోటి కణాలు ఇరవై నాలుగు స్ప్లిట్ల దాకా లాక్కొచ్చాయి. చీలే చోటివి పన్నెండు దగ్గరే చతికిలబడ్డాయి. సగానికి సగం! ఆ గ్రాఫు చూసిన రోజు ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

వారంలో అయిదు రోజులు ఈ పని. శనివారం మాత్రం రాధారాణి ప్రొఫెసర్ గారింట్లో ఉండాలి. ఆయన ఆ చుట్టుపక్కల తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ఉగాదికి, దీపావళికి, హైదరాబాదు నుంచి ఎవరైనా పెద్దమనిషి దిగితే, ఏదీ లేకపోతే ఉత్త కమిటీ మీటింగుకి, ఆ ఇంట్లో అరవై మందికి తక్కువ కాకుండా పేపర్ ప్లేట్లు లేవాల్సిందే. ఆయన భార్య జానకీదేవి ల్యాబుకే ఫోన్ చేసి, "రేపు పులిహోర నీదే అమ్మా" అనేది. మొదట్లో రాధారాణి, శనివారం కణాలను చూసుకోకపోతే పాడైపోతాయని అడ్డు చెప్పింది. దానికి ప్రొఫెసర్ గారు అక్కడికక్కడే తీర్పిచ్చాడు. "ఫ్రైడే నాడు రెండు డిష్‌లుగా కాకుండా నాలుగుగా పంచెయ్యమ్మా. పల్చగా ఉంటాయి, వీకెండ్‌లో నీ కోసం ఏడవవు." తిన్నని చోటి కణాలను పంచే రోజు మంగళవారం, చీలే చోటివాటిది శుక్రవారం. మంగళవారం డిష్‌లు ఎప్పట్లాగే రెండుగా, శుక్రవారం డిష్‌లు నాలుగుగా పంచడం అలా అలవాటైపోయింది.

ఆ సోమవారం రాధారాణి టైపు కాగితాలు చేత్తో పట్టుకుని తిన్నగా ఆయన గదిలోకి పోయింది.

"డాక్టర్ గారూ, పేపర్‌లో నా పేరు లేదు."

"ఎందుకు లేదమ్మా? అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో ఉంది, సరిగ్గా చూడలేదా?"

"చూశానండీ. మెకానిక్ తర్వాత ఉంది. ఒక్క డిష్ ముట్టుకోని జగన్ పైన ఉన్నాడు."

"జగన్ ఇంటర్‌ప్రెటేషన్‌లో హెల్ప్ చేశాడు. నీది టెక్నికల్ వర్క్." ఆయన టేబుల్ మీదున్న కాలిక్యులేటర్‌ని వేలితో తట్టాడు. "లెక్కపెట్టినవాళ్ళందరికీ ఆథర్‌షిప్ ఇస్తూ పోతే దీనికి కూడా ఇవ్వాలి."

"నేను వాల్తేరులో పిహెచ్‌డీ చేశానండీ."

"అందుకేగా జాబ్ ఇచ్చాను. సరే, శనివారం ఎన్నింటికి వస్తున్నావు? మీ జానకక్కయ్య నీ మీదే ఆశ పెట్టుకుంది."

రాధారాణి పళ్ళు బిగబట్టి బయటికొచ్చింది. ఆ సాయంత్రం జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో, మన్‌హటన్ నుంచి రైల్లో వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పని భర్త నరసింహతో అంతా చెప్పింది. "పోనిద్దూ, నెక్స్ట్ పేపర్‌లో వేస్తాడులే" అన్నాడాయన. పోనివ్వడానికి అది ఆయన పేరు కాదు. నోట్‌బుక్కులన్నీ కాపీ తీసి డిపార్ట్‌మెంట్ చైర్మన్ ముందు పడేస్తాను, ప్రతి అంకె పక్కనా ఉన్నది ఎవరి చేతిరాతో ఆయన్నే చూసుకోమంటాను అని ఆమె నిశ్చయించుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం జానకీదేవి ఫోన్ రానే వచ్చింది.

"రేపు నేను రానండీ" అంది రాధారాణి.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. పనుంది."

"ఇప్పుడు చెప్తే ఎలాగమ్మా? అరవై మంది వస్తున్నారు. ఆయన నీకు అన్నం పెడుతున్నారు, ఆ మాత్రం…"

"పెడుతున్నది నేనండీ, రెండేళ్ళ నుంచీ, అరవయ్యేసి మందికి" అని రాధారాణి ఫోన్ పెట్టేసింది. ప్రాణం హాయిగా ఉంది.

శనివారం పొద్దున ఖాళీ ల్యాబులో జిరాక్స్ మెషీను పక్కన నిలబడి నోట్‌బుక్కులు ఒక్కొక్క పేజీ కాపీ తియ్యడం మొదలుపెట్టింది. మెషీను నిదానంగా పనిచేసేది కాబట్టి, ఒక పేజీ వచ్చేలోగా ఇంకో పేజీ చదవడానికి తీరిక దొరికింది. చైర్మన్‌కి తేలిగ్గా ఉంటుందని, ఒక్కో నాళంలోంచి తీసిన రెండు రకాల కణాలూ ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగిపోయాయో వేరే కాగితం మీద వేసుకుంటూ వచ్చింది. నాలుగైదు వేశాక పెన్ను ఆగింది. తిన్నని చోటివి ఆర్నెల్లు బతికాయి. చీలే చోటివీ ఆర్నెల్లే బతికాయి. ఒకటి ఇరవై నాలుగు, ఇంకోటి పన్నెండు అయినప్పుడు రోజులు ఎలా సరిపోతాయి?

చీలే చోటివి మందకొడిగా పెరుగుతాయి, డిష్ నిండటానికి రెండేసి వారాలు తీసుకుంటాయి, అవి ముసలివనడానికి అదే గుర్తు అని ప్రొఫెసర్ గారు పేపర్‌లో ఒక పేరా రాశాడు. రాధారాణి అప్పుడు డిష్‌ల లెక్క రాసే పుస్తకం తీసింది. శుక్రవారం, ఒకటికి నాలుగు. శుక్రవారం, ఒకటికి నాలుగు. వరసగా అదే. పావు వంతు కణాలు వేస్తే డిష్ నిండటానికి రెండు వారాలు పట్టదా మరి! ఒకటి రెండవడం ఒక విడత, రెండు నాలుగవడం ఇంకో విడత. నాలుగుగా పంచిన ప్రతిసారీ ఆ కణాలు రెండు విడతలు పెరిగాయి, తను మాత్రం రూలు ప్రకారం ఒకటే వేసింది. కణం వయసంటే ఆ విడతల లెక్కే గానీ, తను ఎన్నిసార్లు డిష్ మార్చిందన్నది కాదు. మొదటి స్ప్లిట్ తప్ప మిగతా పదకొండూ నాలుగేసి. లెక్క సరిచేస్తే ఇరవై మూడు. తిన్నని చోటివి ఇరవై నాలుగు. పేపర్‌లో మిగిలిన తేడా ఒకటి!

ఆమె స్టూల్ మీద కూలబడింది. అరవై మంది పులిహోర కోసం రెండేళ్ళ సైన్సు గంగలో కలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రూలు ఆయనది, నాలుగు చెయ్యమన్నదీ ఆయనే. కానీ నోట్‌బుక్‌లో ఒకటి వేసిన చెయ్యి తనది. పిహెచ్‌డీ చేశానని ఆయన మొహం మీదే అన్నది కూడా తనే. చైర్మన్ దగ్గరికి పోయి ఈ అంకెలన్నీ నావే అంటే, ఈ తప్పు కూడా నాదే అన్నట్టు.

అన్నిటికంటే కడుపుమండే సంగతి ఇంకొకటి. ఆ సిద్ధాంతం నిజమే అయ్యుండొచ్చు. చీలే చోటి కణాలను ఒంట్లోంచి తీసిన మొదటి రోజే ఆమె మైక్రోస్కోప్ కింద చూసింది. పక్కవాటికంటే రెండింతలు మూడింతలు పెద్దవి, వెడల్పాటివి, కొన్నింట్లో రెండేసి కేంద్రకాలు. ఇంకా ఒక్క డిష్ కూడా మారకముందే ముసలి వాలకం. పెన్సిలుతో బొమ్మలు వేసి ప్రొఫెసర్ గారికి చూపిస్తే, "బొమ్మలు కాదమ్మా, నంబర్లు కావాలి" అన్నాడు. ఆ నంబర్లే ఇవి.

ఆమె ఎంత సేపు కూర్చుందో గానీ, లేచేసరికి మనసు గట్టిపడింది. పైన ఉన్న పేర్లు ఎవరివి? శ్యామ్‌సుందర్‌ది, జగన్మోహన్‌ది. మెకానిక్ తర్వాత ఉన్న పేరుకి ఏ పూచీ ఉండదు. తీసిన కాపీలు చించి చెత్తబుట్టలో వేసింది, నోట్‌బుక్కులు ఎక్కడివక్కడ పెట్టేసింది. వెళ్ళనీ, ఆ గ్రాఫు పట్టుకుని పదిమందిలోకి వెళ్ళనీ, ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు చూస్తాను అనుకుంది. అది మంచి బుద్ధి కాదని ఆమెకు తెలుసు. తెలిసే ఆ వేసవంతా దాన్ని కడుపులో పెట్టుకుని పెంచింది.

మళ్ళీ పేరు ఊసెత్తకపోయేసరికి ఆమె దారికొచ్చిందనుకున్నాడు శ్యామ్‌సుందర్. కొంచెం మెత్తబడ్డాడు కూడా. అక్టోబరులో అట్లాంటిక్ సిటీలో గుండె జబ్బుల మహాసభ జరిగింది. ఆ పేపర్ అక్కడే చదవాలి, తర్వాత సభ సంపుటంలో అచ్చవుతుంది. కారు ప్రొఫెసర్ గారు నడిపాడు, ముందు సీట్లో జగన్మోహన్, వెనక సీట్లో ఒళ్ళో స్లైడ్‌ల ట్రేతో రాధారాణి. దారి పొడుగునా బావాబావమరుదులు ఆ సిద్ధాంతం గురించే గొప్పలు చెప్పుకున్నారు. సగం దారిలో, ఎందుకో, ఆమెకు జాలి లాంటిది కలిగింది. అరవయ్యో పడిలో పడుతున్న మనిషి, నాలుగు వందల మంది ముందు నగుబాటు. చెప్పేద్దామని గొంతు సవరించుకుంది.

"డాక్టర్ గారూ, ఆ శుక్రవారం డిష్‌ల సంగతి ఒకటి…"

"ఇప్పుడు ల్యాబ్ గోల వద్దమ్మా" అన్నాడాయన అద్దంలోంచి చూస్తూ. "నువ్వు ప్రొజెక్టర్ పక్కన కూర్చుని స్లైడ్‌లు మార్చు, చాలు. క్వశ్చన్స్ వస్తే జగన్ తీసుకుంటాడు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"సరేనండీ" అంది రాధారాణి. ఆ జాలి కాస్తా అక్కడే చచ్చింది.

సభలో ప్రొఫెసర్ గారు బాగా మాట్లాడాడు. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఇరవై నాలుగు, పన్నెండు అన్న గ్రాఫు తెరమీద పడగానే హాల్లో గుసగుసలు లేచాయి, చప్పట్లు కూడా పడ్డాయి. ప్రశ్నలకి నడవ మధ్యలో ఒక మైకు పెట్టారు. ప్రశ్నలూ జవాబులూ టేపు చేసి సంపుటంలో పేపర్ వెనకాలే అచ్చేస్తారట, అందుకని మాట్లాడే ప్రతివాళ్ళూ ముందు పేరు చెప్పాలని అధ్యక్షుడు రెండుసార్లు గుర్తుచేశాడు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ మైకు దగ్గరికొచ్చింది. కాలిఫోర్నియాలో ఏదో యూనివర్సిటీ పేరు చెప్పుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"మీరు స్ప్లిట్‌ల సంఖ్య చూపించారు. ఒక్కో స్ప్లిట్‌లో కణాలను ఎన్ని భాగాలు చేశారు? రెండు రకాలకీ ఒకే లెక్కా?"

ప్రొఫెసర్ గారు జగన్మోహన్ వైపు చూశాడు. జగన్మోహన్ తన బూట్ల వైపు చూశాడు. శ్యామ్‌సుందర్ తెలివితక్కువవాడు కాదు. ఆ ప్రశ్న ఎటు పోతోందో, తన శుక్రవారం తీర్పు ఏమిటో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టు మొహం పాలిపోయింది. ఆ వెంటనే చిరునవ్వు తెచ్చిపెట్టుకున్నాడు.

"ఆ వివరాలు మా రాధారాణికి తెలుసు" అన్నాడు ఇంగ్లీషులో, ప్రొజెక్టర్ వైపు చెయ్యి చూపిస్తూ. "నిజానికి ఈ ప్రయోగం మొత్తం ఆవిడదే. నేను గానీ డాక్టర్ జగన్మోహన్ గానీ ఒక్క డిష్ కూడా ముట్టుకోలేదు. ప్రతి లెక్కా ఆవిడ చేసిందే."

రెండేళ్ళు ఎదురుచూసిన మాట! నాలుగు వందల మంది తలలు ఆమె వైపు తిరిగాయి. కోపం, సంతోషం, సిగ్గు అన్నీ ఒకేసారి పొంగి రాధారాణికి చెవులు వేడెక్కాయి. చీర కుచ్చిళ్ళు సవరించుకుని లేచి, నడవలో మైకు దగ్గరికి నడిచింది.

"పేరు?" అన్నాడు అధ్యక్షుడు.

ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"తిన్నని చోటి కణాలను రెండుగా పంచాను. చీలే చోటివాటిని నాలుగుగా."

"అంటే ఆ పన్నెండు…" అంది నెరిసిన జుట్టావిడ.

"ఇరవై మూడు. ఆ తేడా లేదండీ. లెక్క తప్పు."

హాలంతా కలకలం లేచింది. ఆవిడ తల ఊపి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళి కూర్చుంది. అక్కడితో అయిపోయేదే. వేదిక మీద ప్రొఫెసర్ గారే ఉండబట్టలేకపోయాడు. ఆమె అంత తడుముకోకుండా ఇరవై మూడు ఎలా చెప్పిందో ఆయనకి అప్పుడు వెలిగింది. ముందున్న మైకు సంగతి మర్చిపోయి తెలుగులో అరిచాడు.

"నీకు ముందే తెలుసా?"

ఆ మాట అర్థమైనవాళ్ళు ఆ హాల్లో ముగ్గురే. తెలుగులోనే ఏదో ఒకటి గొణిగి వచ్చి కూర్చుంటే సరిపోయేది. టేపు విని రాసుకునేవాళ్ళు ఆ ముక్క వదిలేసేవాళ్ళు, తప్పు పట్టుకున్న నిజాయితీపరురాలిగా ఆమె, తప్పు మోసుకొచ్చిన పెద్దమనిషిగా ఆయన మిగిలేవాళ్ళు. అది రాధారాణికి తెలియక కాదు. ఆ వేసవంతా కోరుకున్నది సరిగ్గా ఇదే. కానీ ప్రతి లెక్కా ఆవిడదే అని ఆయన ఇప్పుడే అందరి ముందూ అన్నాడు. ఆ మాట కోసమే కొట్లాడిన మనిషి, అందులో బాగున్నంత వరకే ఏరుకుని మిగతాది ఆయన మీదికి ఎలా తోసేస్తుంది? ఆమెకు అసహ్యం వేసింది, ఆయన మీదా, తన మీదా.

మైకు కిందికి వంచుకుంది.

"ఎస్, డాక్టర్ శ్యామ్‌సుందర్" అంది ఇంగ్లీషులో, వెనక వరసకీ వినబడేలా. "నాకు ముందే తెలుసా అని అడుగుతున్నారు. ఏప్రిల్ నుంచీ తెలుసు. కావాలనే చెప్పలేదు."

తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగి, "అది కూడా రాసుకోండి" అంది.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఆమె పేరు కిందే, ఆ ముక్క కూడా రాసుకున్నాడు.